వాట్సాపు వార్త అందకపోవుటకు కారణము

ధాన్యపు కొనుగోలు వార్త తమకు చేరలేదని తంగళ్ళపల్లి ప్రాంతపు సభ్యులు కొందరు మాతో మొరపెట్టుకొనిరి. గుమాస్తా పంపనే పంపినాడు. అయితే వాట్సాపు బ్రాడ్‌కాస్టు జాబితాలో 256 మందికి మించి చేర్చరాదు. చేర్చినవారిలోను, పంపువాని నంబరును తమ ఫోనులో భద్రపరచుకొన్నవారికే వార్త చేరును. వీరు భద్రపరచుకొనలేదు.

ఇట్టి కట్టుబాట్లు కొన్ని ప్రాణములు పోయిన పిమ్మట వచ్చినవి. 2018 వేసవిలో పిల్లల నెత్తుకొనిపోవు దొంగలు తిరుగుచున్నారను వదంతి ఫోనులవెంట మన రాష్ట్రమున వ్యాపించి, నిరపరాధులు దెబ్బలకు బలియైరి. నాడు గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు ఊరూరికి పోలీసులను పంపి, జానపద గాయకులచేత పాడించి జనులకు నచ్చజెప్పిరి. ఆ జూలైలో కంపెనీవారు మన దేశమున, వచ్చిన వార్తను ఒకమారు అయిదు చోట్లకు మించి పంపరాదని నిర్ణయించిరి. 2020 ఏప్రిలునుండి, పలుచేతులు మారిన వార్తను ఒకమారు ఒక్కచోటికే పంపవలెను. తూము తలుపు దించినట్లే; నీరాగదు, వేగము తగ్గును.

మనిషి చేతితోగాక యంత్రముచేత పరిచయములేని వేలమందికి వార్తలు గుప్పించు ఖాతాలను కంపెనీవారు మూసివేయుదురు. గ్రహీతలు అనేకులు ఫిర్యాదు చేసినను అంతే. కావున చౌకగా వేలమందికి పంపెదమని వచ్చు బేరగాండ్ర మాట సంఘములు నమ్మరాదు. కోతలనాడు నంబరు మూతపడినచో గుమాస్తా ఇల్లిల్లు తిరుగవలసినదే!

సభ్యులు సంఘపు నంబరును నేడే పేరుతో ఫోనులో వ్రాసికొందురుగాక. చేతకానివారు ఇంటి బడిపిల్లలచేత వ్రాయించుకొనవచ్చును.