రెప్పలాడించే గీత

టైపు మిషన్ మీద పనిచేసినవాళ్లకు ‘ఇప్పుడు ఎక్కడున్నాను?’ అన్న సందేహం వచ్చేది కాదు. అచ్చు పడే చోటు కదలదు. కాగితాన్ని మోసే క్యారేజీయే ఒక్కో అక్షరానికి ఎడమకు జరుగుతుంది. వరుస చివర గంట మోగితే మీట తోసి మళ్లీ మొదటికి తెచ్చుకోవడమే. రాత గాజు తెర మీదికెక్కాక చిక్కొచ్చింది. తెర నిండా అక్షరాలే, తర్వాతి అక్షరం ఎక్కడ పడుతుందో వేలు పెట్టి చూపేదెవరు?

ఆ వేలే కర్సర్. లాటిన్‌లో ఆ మాటకు పరుగెత్తేవాడని అర్థం. ఇంజనీర్లు లెక్కలకు వాడిన స్లైడ్ రూలు మీద సన్నని గీతతో అటూ ఇటూ జరిగే గాజు బిళ్లకు ముందే ఆ పేరుంది.

కదలని గుర్తు అక్షరాల గుంపులో ఇట్టే కలిసిపోతుంది. స్పెర్రీ రాండ్ ఇంజనీరు చార్లెస్ కీస్లింగ్ దాన్ని ఆర్పుతూ వెలిగించే పద్ధతికి 1967లో పేటెంటు అడిగాడు, 1970లో వచ్చింది. విండోస్‌లో ఈ గీత మామూలుగా 530 మిల్లీసెకన్లు వెలుగుతుంది, అంతసేపే ఆరుతుంది.

దాన్ని నడిపించేదెలా? 1976 నాటి ఏడీఎమ్-3ఏ టెర్మినల్‌లో బాణాలకు వేరే కీలు లేవు. హెచ్, జే, కే, ఎల్ కీల మీదే అచ్చువేశారు. బిల్ జాయ్ తన వీఐ ఎడిటర్‌ను ఆ టెర్మినల్ మీదే రాశాడు. అందుకే కొందరు ప్రోగ్రామర్లు నేటికీ ఆ నాలుగు కీలతోనే తిరుగుతారు. 1984లో వచ్చిన తొలి మెకింటాష్ కీబోర్డులోనైతే బాణాలు అసలే లేవు: జనానికి మౌస్ అలవాటు కావాలని కావాలనే తీసేశారు.

తొలినాళ్ల తెరల మీద కర్సర్ అక్షరం మీదే కూర్చునేది, పెట్టెలాగానో అడుగు గీతలాగానో. 1970ల నడుమ జిరాక్స్ వారి పార్క్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ తయారుచేసిన జిప్సీ ఎడిటర్‌లో దారి మారింది. రెండక్షరాల సందులో మౌస్‌తో నొక్కు, టైపు చెయ్యి, అంతే. కొత్తవాళ్లు తడబడేదీ ఇక్కడే. మౌస్‌తో పాటు కదిలే ‘ఐ’ ఆకారం ఒకటి, రెప్పలాడించే గీత మరొకటి. ‘ఐ’ ఎక్కడ తిరిగినా నొక్కేదాకా రాత గీత దగ్గరే పడుతుంది.

సందు అన్నాం సరే, అక్షరమంటే ఏది? ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. చాలా సాఫ్ట్‌వేర్లలో కుడి బాణం దాన్ని ఒక్క అంగలో దాటేస్తుంది. బ్యాక్‌స్పేస్ నొక్కి చూడండి: ముందు గుడిదీర్ఘం రాలి ‘స్త్ర’ మిగులుతుంది. మళ్లీ నొక్కితే ‘స్త్’. దీర్ఘం తప్పు పడినప్పుడు ఈ ఒలుపుడు వరమే, అక్షరమంతా కొట్టాల్సిన అవసరం లేదు. కానీ కొన్ని చోట్ల కర్సర్ ఒత్తుల మధ్య కంటికి కనబడకుండా ఆగుతుంది; బాణం నొక్కినా గీత కదలదు, కీ చెడిందేమో అనిపిస్తుంది.

ఇలాంటి తెలుగు ఒత్తులను విడగొట్టకుండా ఒకే అక్షరంగా లెక్కించాలన్న నియమం యూనికోడ్ ప్రమాణంలో చేరింది 2023లో. బడిలో గుణింతం, ఒత్తులు దిద్దిన ప్రతి పిల్లకూ తెలిసిన ఆ సంగతి పరుగెత్తేవాడికి అంత ఆలస్యంగా అందింది.