కాస్టీలు సీమ: రాజదత్తపదవి రాజ్యమైన విధము

స్పెయినుదేశమున నస్తూరియా రాజ్యపుఁ దూర్పుసరిహద్దునందు ముస్లిముల దండయాత్రల నరికట్టుటకై కట్టిన కోటలనుబట్టి యొక సీమ కాస్టీలనఁబడెను. ఆ రాజ్యమే పిదప లియోనయ్యెను. సీమాధిపతికిఁ గౌంటని బిరుదు. ఆ పదవి రాజదత్తము.

పదవ శతాబ్దిలో ఫెర్నాను గొంథాలెథను కౌంటు పెక్కుమండలముల నేకము గావించెను. లియోనురాజగు రెండవ రామీరో 944లో నాతనిఁ జెఱ నిడియు మరల విడిచెను. 970లో నాతఁడు గతింపఁగాఁ బదవి కుమారుఁడగు గార్సియాకు సంక్రమించెను.

గుఱ్ఱమునకును డేగకును వెల యీఁజాలక రాజు స్వాతంత్ర్య మొసఁగెనని పదుమూఁడవ శతాబ్దికావ్యము చెప్పును. అది కథయే, స్వాతంత్ర్యమునకు మూలము వంశపారంపర్యము.

1029లో నీ వంశపుఁ దుదికౌంటు లియోనునగరమున హతుఁడయ్యెను. సీమ నవర్రా రాజకుటుంబమునకుఁ జెందెను. తత్కుమారుఁడు ఫెర్డినాండు 1037లో నొక యుద్ధమున లియోనురాజు కూలఁగా నా సింహాసనము నందెను. సరిహద్దుఁ గాచుటకై పుట్టిన సీమయే తుదకుఁ దన యేలికరాజ్యమును గైకొనెను.