'సెట్' అన్నాక ఎందుకు కదలకూడదు?

తక్కువ దూరాల పరుగు పందెం ఇంగ్లీషు మాటలతో మొదలవుతుంది. 'ఆన్ యువర్ మార్క్స్' అంటే గీత వెనక ఎవరి చోటికి వాళ్లు రావాలని. వంగి, ఒక మోకాలు, చేతివేళ్లు నేలకు ఆనించాలి. 'సెట్' అనగానే నడుము పైకి లేపి, బిగుసుకుని ఆగాలి. తుపాకీ పేలితేనే పరుగు. జగ్గయ్యపేట, నందిగామ బడి మైదానాల్లో సున్నం గీత ముందు విజిల్ కోసం ఆగే పిల్లలకూ పద్ధతి ఇదే.

పేలకముందే ఉరికితే 'ఫాల్స్ స్టార్ట్'. చప్పుడు చెవిన పడి, మెదడుకు చేరి, కాలు కదలడానికి కొంత సమయం పట్టాలి కదా! అందుకే పెద్ద పోటీల్లో 0.1 సెకను నిండకముందే కదిలినా తప్పే. కాళ్లతో తన్ని లేచే దిమ్మెలను 'స్టార్టింగ్ బ్లాక్స్' అంటారు. వాటికున్న సెన్సర్లు ఆ తొందరను పట్టేస్తాయి.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌కు నిలబడింది. హర్డిల్ అంటే దూకి దాటాల్సిన అడ్డుకర్ర; ఈ పందెంలో అవి 10. చైనా క్రీడాకారిణి ముందే కదిలితే, అధికారులు జ్యోతినీ తప్పుపట్టారు. ఆమె ఒప్పుకోలేదు, గట్టిగా నిలదీసింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. తర్వాత చైనా అమ్మాయిని 'డిస్‌క్వాలిఫై' చేశారు, అంటే పోటీలో లేనట్టు లెక్కగట్టారు. 12.91 సెకన్లతో మూడో స్థానంలో వచ్చిన జ్యోతికి రజతం దక్కింది.