మడత చాకు కొనేముందు ఉక్కు చూసుకోండి



ఈసారి పురుగు గురించి కాదు, మన జేబులో ఉండే చాకు గురించి రాస్తున్నాను. ఇది చిన్న విషయమే అనుకుంటాం. నేనూ అట్లే అనుకున్నాను. పోయిన సంవత్సరం సంతలో తళతళ మెరిసే మడత చాకు ఒకటి 120 రూపాయలకు కొన్నాను. దాని మీద స్టెయిన్‌లెస్ అని రాసి ఉండె. అప్పుడు ఇంట్లో 200 మొట్టెల మేత నడుస్తా ఉంది. పురుగు నాలుగో జ్వరం లేచి మూడో రోజు. కొమ్మల మోపుకు కట్టిన తాడు ఆ చాకుతో కోస్తే తెగలేదు. ఇంకొంచెం బలంగా నొక్కినాను. చాకు వెనక్కి మడుచుకుని చూపుడు వేలి మీద పడింది. నాలుగు కుట్లు పడినాయి.

పురుగు తన జన్మలో తినే ఆకులో 80 శాతం పైగా ఆ చివరి దశలోనే తింటుంది కదా. అలాంటి రోజుల్లో నేను కొమ్మ కోయలేను, మేత వేయలేను. ఇద్దరు కూలీలను పెట్టుకోవాల్సి వచ్చింది. 120 రూపాయల చాకుకు నేను కట్టిన అసలు వెల అది. నేను ఎస్సెస్సెల్సీ వరకే చదివినాను. అయినా ఆ తర్వాత కమ్మరాయన కొలిమి దగ్గర కూర్చుని, నాలుగు రకాల చాకులు వాడి చూసి నేర్చుకున్నది మీకు చెప్తాను.

*ఉక్కులో ఏముంటుంది?*

ఇనుములో కొంచెం కార్బన్ కలిస్తే ఉక్కు. కార్బన్ ఉంటేనే కాల్చి నీళ్ళల్లోనో నూనెలోనో ముంచినప్పుడు గట్టిపడుతుంది, పదును నిలుస్తుంది. క్రోమియం కలిపితే తుప్పు తక్కువ పడుతుంది. క్రోమియం 10.5 శాతం అన్నా ఉంటేనే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. కానీ స్టెయిన్‌లెస్ అంటే తుప్పు సంగతి మాత్రమే. పదును నిలుస్తుందా లేదా అని ఆ మాట చెప్పదు. స్టెయిన్‌లెస్ చెంచా కూడా ఉంది, దానితో తాడు కోయగలమా?

మనది ఉక్కుకు పేరుపడిన నేల. తెలంగాణలో నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళు. మైసూరు సీమలోనూ, సేలం వైపూ మూసల్లో ఉక్కు కరిగించేవాళ్ళు. అలాంటి చోట పుట్టి మనం రేకుముక్క కొనుక్కుని వేలు కోసుకుంటే ఎట్లా?

*అంగడిలో చూడవలసినవి*

1. *అలుగు మీద రాత చదవండి.* ఉత్త "స్టెయిన్‌లెస్", "సర్జికల్ స్టీల్", "జపాన్ స్టీల్" అని ఉంటే ఏమీ చెప్పనట్టే. ఉక్కు రకం పేరు ఉండాల. చైనా చాకుల మీద 3సీఆర్13, 5సీఆర్15, 8సీఆర్13 అని ఉంటుంది. దీన్ని చదవడం సులభం. మొదటి అంకె కార్బన్: 3 అంటే సుమారు 0.3 శాతం, 8 అంటే సుమారు 0.8 శాతం. సీఆర్ తర్వాతి అంకె క్రోమియం శాతం. మొదటి అంకె 3 ఉంటే మెత్తన, తొందరగా మొద్దుబారుతుంది. 5 అయితే మన పనికి చాలు. 8 అయితే ఇంకా మేలు. 420 అని ఒట్టిగా ఉంటే అదీ మెత్తన రకమే. 12సీ27 అనేది స్వీడన్ ఉక్కు, మంచిది.

2. *అయస్కాంతం పెట్టి చూడండి.* "అయస్కాంతం అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ కాదు" అని చాలామంది అంటారు. చాకుల విషయంలో ఇది తప్పు. కాల్చి గట్టి చేయగలిగే చాకు ఉక్కు, స్టెయిన్‌లెస్ అయినా సరే, అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటుకోలేదంటే అది గిన్నెలు చేసే రకం. దాన్ని ఎంత కాల్చినా గట్టిపడదు. చెవిపోగంత చిన్న అయస్కాంతం చాలు, పాత స్పీకరులో దొరుకుతుంది.

3. *తాళం చూడండి.* చాకు తెరిచి, అలుగును అటూ ఇటూ కదిలించండి. లొడలొడ అంటే పెట్టేయండి. తర్వాత వేళ్ళు దారిలో లేకుండా పట్టుకుని, అలుగు వీపును బల్లకు ఆనించి మెల్లగా నొక్కండి. మడుచుకుంటే దాన్ని వద్దనండి. నేను ఈ ఒక్క పని చేసి ఉంటే నా వేలు బాగుండేది.

4. *అలల గీతలకు మోసపోవద్దు.* డమాస్కస్ అని చెప్పి అలుగు మీద అలల బొమ్మ వేసి అమ్ముతారు. తక్కువ వెలవాటిలో చాలామటుకు అది పైన గీసిన బొమ్మే, ఉక్కు లోపల ఏమీ ఉండదు.

*ఇంటికి తెచ్చినాక*

పేరు బాగున్నా, కాల్చి నీళ్ళు పట్టించడం సరిగా లేకుంటే ఆ ఉక్కు దండగే. అందుకే పరీక్ష చేయాల.

ఆకురాయి తీసుకుని పిడికి దగ్గర, పదును లేని చోట మెల్లగా ఒకసారి రుద్దండి. సబ్బు మీద మాదిరి సులభంగా గీసుకుపోతే మెత్తన. జారుతూ, కొంచెం కొంచెంగా పట్టుకుంటే బాగా గట్టిపడింది అని అర్థం.

తర్వాత బాగా పదును పెట్టి, ఎండిన మల్బరీ కట్టెను 20 సార్లు చెక్కండి. అలుగు అంచును ఎండకు ఎదురుగా పట్టి చూడండి. అంచు పొడుగునా తెల్లగా మెరిస్తే మడుచుకుపోయింది, ఉక్కు మెత్తన. నోట్లో పన్ను విరిగినట్టు అక్కడక్కడ ముక్కలు లేచిపోయి ఉంటే మరీ గట్టి, పెళుసు. ఏమీ మెరవకుండా, కాగితం ఇంకా కోస్తా ఉంటే అది మీ చాకు.

నాటే కడ్డీలు కోసేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. మొద్దు చాకుతో కోస్తే కడ్డీ చివర బెరడు చీలిపోతుంది, నలిగిపోతుంది. అక్కడి నుంచే కుళ్ళు పట్టి కడ్డీ చిగురించదు. ఒకే కోతలో నున్నగా తెగాల.

*కార్బన్ ఉక్కా, స్టెయిన్‌లెస్సా?*

కార్బన్ ఉక్కు సాన మీద తొందరగా పదునెక్కుతుంది, కానీ తుప్పు పడుతుంది. మన కమ్మరాయన లారీ కమాన్ పట్టాతో చేసే కొడవలి ఈ జాతిదే. ఆకు కోతకు దానికి సాటి లేదు. జేబులో చెమట తగిలే చాకుకు, తడి ఆకులో పనికి స్టెయిన్‌లెస్ సుఖం. ఒకటి గుర్తుంచుకోండి: కరెంటు సాన మీద పట్టించేటప్పుడు అంచు నీలం రంగు తిరిగితే అక్కడ గట్టితనం పోయినట్టే. మాటిమాటికీ నీళ్ళల్లో ముంచమని చెప్పండి. చేతి సాన రాయి అయితే ఈ భయం లేదు.

*మన ఇంట్లో చాకుకు రెండు శత్రువులు*

ఒకటి బ్లీచింగ్ పౌడరు నీళ్ళు. పురుగుల ఇల్లు శుద్ధి చేసేటప్పుడు చాకును, కొడవలిని కూడా అందులో ముంచుతాం. ముంచాల్సిందే. కానీ అది స్టెయిన్‌లెస్‌ను కూడా తింటుంది. వెంటనే మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండబెట్టి, కీలులో ఒక చుక్క కొబ్బరినూనె వేయండి. ఆకు కోసినాక అంటుకునే పాలను కూడా అప్పుడే తుడవాల.

రెండోది టమాటా మందు. నిజానికి ఇది చాకుకు కాదు, పురుగుకు శత్రువు. మందు ప్యాకెట్టు కోసిన చాకుతోనే చాకీ ఆకు తరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకే మా ఇంట్లో ఇప్పుడు రెండు చాకులు. మందుకు వాడేదాని పిడికి ఎర్ర టేపు చుట్టినాను. అది పురుగుల ఇంటి గడప దాటదు. దానికి వేలు కోసిన ఆ 120 రూపాయల చాకునే పెట్టినాను. ప్యాకెట్టు కోయడానికి అది చాలు. కానీ తాళం నమ్మలేము కాబట్టి కీలుకు గట్టిగా తీగ చుట్టి తెరిచే ఉంచినాను, అలుగుకు పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగినాను.

మీ జేబులో చాకును ఈ రోజే బల్ల మీద నొక్కి చూడండి. మడుచుకుంటే నాలుగో జ్వరం లేచేలోపల మార్చుకోండి. మీ దగ్గర బాగా నిలిచిన చాకు ఉంటే అలుగు మీద రాత కనిపించేట్టు ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, పదిమందికి ఉపయోగపడుతుంది.