చప్పుడు చేయని చిన్న కంప్యూటర్

గ్రామ సంఘం ఆఫీసు అంటే పెద్ద భవనం కాదు. చాలా ఊళ్లలో అది ఒక్క గది. ఒక బల్ల, ఒక బీరువా, నాలుగు కుర్చీలు. మీటింగులు అక్కడే. పొదుపు లెక్కలు, అప్పు లెక్కలు అక్కడే. ఇప్పుడు ఆ లెక్కలు చాలాచోట్ల కంప్యూటర్‌లో రాస్తున్నారు.

తగని కంప్యూటర్ కొంటే ఏమవుతుంది? సగం బల్ల అదే ఆక్రమిస్తుంది. దాని ఫ్యాను రొద పెడుతుంది. మీటింగులో మెల్లగా మాట్లాడే వారి మాట వినపడదు. కరెంటు బిల్లు పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు వృథా అవుతుంది. ఆ డబ్బు ఎవరిది? రూపాయి రూపాయి కూడబెట్టిన సభ్యులది.

చెక్కు మీద సంతకం పెట్టేది సంఘం అక్కలే. ఏం కొంటున్నారో తెలుసుకుని సంతకం పెట్టాలి. ఇది కష్టమైన విద్య కాదు.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

కంప్యూటర్ పనిచేస్తే కరెంటు ఖర్చవుతుంది. ఆ కరెంటు చివరకు వేడిగా మారుతుంది. వేడి ఎక్కువైతే భాగాలు పాడవుతాయి. అందుకే లోపల ఫ్యాన్లు పెడతారు. వేడి పెరిగితే ఫ్యాను జోరుగా తిరుగుతుంది. జోరుగా తిరిగితే చప్పుడు వస్తుంది.

అంటే లెక్క ఇది. కరెంటు తక్కువైతే వేడి తక్కువ. వేడి తక్కువైతే చప్పుడు తక్కువ. పెట్టె కూడా చిన్నది సరిపోతుంది.

ఇద్దరికి అన్నం వండడానికి గాడిపొయ్యి తవ్వుతారా? తవ్వరు. కంప్యూటర్ కూడా అంతే. పనికి తగినది కొనాలి. ఆఫీసు పని అంటే ఏమిటి? పద్దులు రాయడం, ఉత్తరాలు టైపు చేయడం, ఇంటర్నెట్‌లో బ్యాంకు పని చూడడం, కాగితాలు ప్రింటు తీయడం. ఈ పనికి పెద్ద కంప్యూటర్ అక్కర లేదు.

ప్రాసెసర్

కంప్యూటర్‌లో లెక్కలు చేసేది ప్రాసెసర్. ఇది బిస్కెట్టు అంత బిళ్ల. ఇంటెల్, ఏ.ఎం.డి. అనే రెండు కంపెనీల ప్రాసెసర్లు ఎక్కువగా దొరుకుతాయి. ఇంటెల్‌లో కోర్ ఐ3 రకం ఆఫీసు పనికి చాలు. ఎంత వేడి పుట్టిస్తుందో వాట్లలో చెబుతారు. 60, 65 వాట్ల రకం తీసుకోండి. 125 వాట్ల రకాలు కూడా ఉన్నాయి. అవి మీ పనికి వద్దు.

ఇక్కడ ఒక్క అక్షరం చూసుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరులో అంకెల చివర ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే జాగ్రత్త. దానిలో బొమ్మ చూపించే భాగం ఉండదు. అది కొంటే గ్రాఫిక్స్ కార్డు వేరుగా కొనాలి. డబ్బు ఎక్కువ, వేడి ఎక్కువ, చప్పుడు ఎక్కువ. ఒక్క అక్షరం చదవగలిగితే అంత ఖర్చు తప్పుతుంది.

మదర్‌బోర్డు

అన్ని భాగాలనూ కలిపే పలక మదర్‌బోర్డు. పెట్టె ఎంత ఉండాలో ఇదే నిర్ణయిస్తుంది. మినీ ఐ.టి.ఎక్స్. రకం 17 సెంటీమీటర్ల పొడవు, 17 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఇది చాలా చిన్న పెట్టెలో పడుతుంది. మైక్రో ఏ.టి.ఎక్స్. రకం 24 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఇది కొట్లలో తేలికగా దొరుకుతుంది. చాలాసార్లు ధర కూడా తక్కువే. రెండింటి ధరా అడగండి. తేడా ఎక్కువైతే మైక్రో రకమే మేలు.

ర్యామ్, ఎస్.ఎస్.డి.

పని చేసేటప్పుడు కాగితాలు పరుచుకునే బల్ల లాంటిది ర్యామ్. పని అయ్యాక కాగితాలు దాచే బీరువా లాంటిది డిస్కు.

ర్యామ్ 8 జి.బి. చాలు. ఒకేసారి చాలా పనులు చేస్తే 16 జి.బి. మంచిది. బోర్డులో ర్యామ్ గడి ఒకటి ఖాళీగా ఉంచమనండి. ముందుముందు అవసరమైతే ఇంకొకటి పెట్టవచ్చు.

పాత రకం హార్డ్ డిస్కు లోపల పళ్లెం నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతుంది. అందుకే గరగర వినిపిస్తుంది. ఎస్.ఎస్.డి.లో తిరిగేది ఏదీ లేదు. చప్పుడు అసలు ఉండదు. పని కూడా చాలా త్వరగా అవుతుంది. దీని దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

ఫ్యాను, ఎస్.ఎం.పి.ఎస్.

చిన్న విసనకర్రతో గాలి రావాలంటే గబగబ విసరాలి. పెద్ద విసనకర్ర అయితే మెల్లగా విసిరినా చాలు. కంప్యూటర్ ఫ్యాను కూడా అంతే. పెట్టెకు 12 సెంటీమీటర్ల ఫ్యాను పడితే అదే తీసుకోండి. నాలుగు పిన్నుల ఫ్యాను అడగండి. అది వేడిని బట్టి వేగం మార్చుకుంటుంది. పని తక్కువగా ఉన్నప్పుడు మెల్లగా తిరిగేలా సెట్ చేయమని చెప్పండి.

ఫ్యాను అసలు లేని కంప్యూటర్లూ ఉన్నాయి. కానీ మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలో అవి వేడెక్కి పని మందగిస్తాయి. మెల్లగా తిరిగే ఒక మంచి ఫ్యాను ఉండడమే నయం.

గోడ కరెంటును భాగాలకు సరిపడేలా మార్చేది ఎస్.ఎం.పి.ఎస్. దీని మీద 80 ప్లస్ అనే గుర్తు చూడండి. తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం పనికి ఇస్తుందని దాని అర్థం. మిగిలినది వేడి అవుతుంది. నాసిరకం కొంటే వేడి ఎక్కువ. అది కాలితే మిగతా భాగాలనూ పాడు చేయవచ్చు.

కరెంటు లెక్క

ఇలాంటి పెట్టె పద్దులు రాసేటప్పుడు సుమారు 40 వాట్లు తీసుకుంటుంది. మానిటర్ వేరు. పాత రకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. 1,000 వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. 40 వాట్లయితే 25 గంటలకు ఒక యూనిట్. రోజుకు 5 గంటలు వాడితే 5 రోజులకు ఒక యూనిట్.

కొట్టులో మాట ఇలా సాగాలి

“అమ్మా, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంది. వేయమంటారా?”

“అది దేనికి బాబూ?”

“గేములు బాగా ఆడతాయమ్మా.”

“మా సంఘంలో గేములు ఆడేవాళ్లు లేరు. అది లేకపోతే పద్దులు రాయలేమా?”

“రాయొచ్చమ్మా.”

“అయితే వద్దు. ప్రతి భాగం పేరు, ధర, గ్యారంటీ ఎన్నేళ్లో కాగితం మీద రాసి ఇయ్యి. ఇంకో రెండు కొట్లలో కూడా అడిగి వస్తాం.”

అడగడానికి సిగ్గు పడవద్దు. డబ్బు ఇచ్చేవారికి అడిగే హక్కు ఉంది. బిల్లు తప్పక తీసుకోండి. ఒక్కో భాగానికి ఒక్కో గ్యారంటీ ఉంటుంది. ఆ కాగితాలు బీరువాలో దాచండి.

పాతది చౌకగా వస్తే?

విండోస్ 10కు కంపెనీ ఉచితంగా ఇచ్చే రక్షణ 2025 అక్టోబర్ 14తో ఆగింది. చాలా పాత కంప్యూటర్లకు విండోస్ 11 పడదు. చౌక అని కొంటే బ్యాంకు పనికి భద్రత ఉండదు. “విండోస్ 11 పడుతుందా?” అని అడిగాకే బేరం ఆడండి. లైనక్స్ అనే ఉచిత ఏర్పాటు కూడా ఉంది. మీ పద్దుల ప్రోగ్రాము దానిలో నడుస్తుందో లేదో ముందే తెలుసుకోవాలి.

తెచ్చాక

పెట్టెను బీరువాలో మూసి పెట్టవద్దు. చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి. గాలి పోయే చిల్లులకు గుడ్డ కప్పవద్దు. నెలకోసారి ప్లగ్గు తీసి దుమ్ము దులపండి. దుమ్ము పేరుకుంటే వేడి పెరుగుతుంది, చప్పుడూ పెరుగుతుంది. కరెంటు ఉన్నట్టుండి పోతే రాస్తున్న లెక్క పోతుంది. అందుకే యు.పి.ఎస్. పెట్టుకోండి. వారానికోసారి లెక్కలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి వేరేచోట దాచండి.

చర్చించండి

1. మీ సంఘం ఆఫీసులో కంప్యూటర్‌తో ఏయే పనులు చేయాలి? జాబితా రాయండి.

2. ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ కొంటే ఏ ఖర్చు పెరుగుతుంది?

3. మీ కంప్యూటర్ 40 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 5 గంటలు వాడితే నెలకు ఎన్ని యూనిట్లు? లెక్క కట్టండి.

4. మూడు కొట్ల ధరలు తెచ్చి, పక్కపక్కన రాసి, మీటింగులో చదివి వినిపించండి. తీర్మానం రాశాకే చెక్కు మీద సంతకం పెట్టండి.