కూలి యడుగని పనివాండ్రు

కలుపు తీయుట, పురుగు నేరుట, ఎరువు మోయుట: పల్లె సేద్యములో ఈ మూడు పనులును విశేషముగా స్త్రీల నడుము మీదనే పడుచున్నవి. మగవాడు నాగలి విడిచి ట్రాక్టరు నెక్కినను, ఆడుది నేటికిని వంగి కలుపు తీయుచునే యున్నది. ఇంటి కోడియు, మడి బాతును, మంద గొఱ్ఱెయు ఈ పనులలో కొంతభాగమును తమంత తామే చేయగలవు. గ్రుడ్డు కొఱకును మాంసము కొఱకును మాత్రమే వానిని బెంచువారు సగము లాభమును చేజార్చుకొనుచున్నారు. అయితే సోదరీమణులు గుర్తింపవలసిన సంగతి యొకటి గలదు. ఏ జీవమును ఎప్పుడు తోటలోనికి విడువవలెనో, ఎప్పుడు వెలుపలికి తోలవలెనో యెఱిగినచో అది పనివాడు. ఎఱుగనిచో అదియే దొంగ.

మొదట కోడిని జూతము. దాని గోళ్లు మన్నును గోకి పురుగుల గ్రుడ్లను, చెదలను, కలుపు విత్తులను వెలికిదీయును. ముక్కు వానిని ఏరి తినును. కావున పాత పాదులను పెఱికివేసిన పిదప, క్రొత్త విత్తులు నాటుటకు ముందు, 10, 15 దినములు కోళ్లను మడిలో యథేచ్ఛగా దిరుగనిండు. విత్తు పడినది మొదలు మొక్క మోకాలెత్తు పెరుగువఱకు వానిని గట్టు దాటనీయరాదు. ఏలయన కోడికి కలుపు మొలకయు వంగ మొలకయు నొక్కటియే. ఆకుకూరల మడిలోనికి ఎన్నడును విడువరాదు. వంగ, బెండ మొదలగునవి ముదిరి నిలిచినపిమ్మట, దీపాల వేళకు గంట ముందు విడిచినచో చీకటి పడగనే అవియే గూటికి జేరును; పాడుచేయు వ్యవధి వానికి చిక్కదు. మొదళ్లచుట్టు పెంకుముక్కలు పేర్చినచో వేళ్లు బయటపడవు. కావలి కుదరనివారు పిల్లలతల్లిని కోడిగంప క్రింద మూసి, గంపను చోటుచోటికి జరుపుచుండవచ్చును. పిల్లలు ఆ చుట్టుప్రక్కలనే తిరిగి పురుగుల నేరును. ఎండవేళ గంపను నీడకు మార్చి నీళ్లు పెట్టుట మఱవరాదు.

హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనాలయమువారు పెరటి పెంపకము కొఱకే వనరాజా, గ్రామప్రియ యను జాతులను సిద్ధపఱచిరి. ఇవి నాటుకోడి కంటె హెచ్చుగా గ్రుడ్లు పెట్టును. కాని పొదిగి, పిల్లలను లేపి, వెంట ద్రిప్పి గోకుట నేర్పుటలో నాటుపెట్టకు సాటి లేదు. ఈ జాతుల పిల్లలను కొని తెచ్చినచో 6 వారములు వెచ్చని చోట బెంచి పిదపనే పెరటిలోనికి విడువవలెను. మొదటి వారములోనే కొక్కెర తెగులు రాకుండ టీకాచుక్కలు వేయింపవలెను.

బాతు వరిమడికి క్రొత్తది కాదు. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు శ్రీవిల్లిపుత్తూరి వరిమడుల కాలువలలో తలను రెక్కలలో జొనిపి నిద్రించు బాతులను వర్ణించి, తలారులు వానిని స్నానము చేసినవారు మఱచిపోయిన బట్టలని భ్రమించుట చెప్పెను. కృష్ణా గోదావరి సీమలలోను, నెల్లూరి ప్రాంతమునను కోతలైన పిదప బాతుల మందలను మడులలోనికి తోలుదురు. అవి రాలిన గింజలను, నత్తలను, పురుగులను తిని, రెట్ట నెరువుగా విడిచిపోవును. జపానులో ఫుకువోకా ప్రాంతపు రైతగు తకావో ఫురునో 1988 నుండి ఇంకొక యడుగు ముందుకు వేసెను. నాట్లు వేసిన ఒకటి రెండు వారములకే పావు యెకరమునకు 15, 20 బాతుపిల్లల చొప్పున పంటమడిలో విడిచెను. అవి కలుపును, పురుగును తినును. ఈదుచు బురదను కలచుటచే క్రొత్త కలుపు తల యెత్తదు. వరియాకు గరుకుగా నుండుటచే దానిజోలికి అంతగా పోవు. కాని వెన్ను వెడలగనే వానిని తప్పక తోలివేయవలెను. గింజను జూచిన బాతు ఊరకుండదు. గుళికలమందు చల్లిన మడిలో బాతును దింపుట దానిని చేజేతుల చంపుటయే.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ సోకి కోళ్లు చచ్చెను. బాతు పైకి ఆరోగ్యముగా నుండియు ఆ రోగమును మోయగలదు. కనుక బాతుల గూడును కోళ్ల గూడును వేఱువేఱుగ నుండవలెను. గూడు శుభ్రపఱచిన చేతులను సబ్బుతో కడుగుకొనక పసిబిడ్డలను ముట్టరాదు.

ఇక గొఱ్ఱె. పాలమూరు సీమ గొల్లలు, కురుమలు మేతకై మందలను దూరప్రాంతములకు తోలుకొనిపోవుదురు. కోసిన పొలములో రాత్రులు మంద కట్టించుకొని, రైతులు వారికి ధాన్యమో రొక్కమో యిత్తురు. ఎరువు గంప మోయు పనియే లేదు. మూత్రము సయితము నేలలో నింకును. పశువుల యెరువులో నత్రజని నూటికి సుమారు 0.5 పాలు, గొఱ్ఱె మేకల యెరువులో సుమారు 3 పాళ్లు. మంద లేచిన వెంటనే దున్నింపవలెను, లేనిచో ఆ సారము గాలిపాలగును. కోడిపెంటయు అంత సారవంతమైనదే కాని, పచ్చిగా వేసినచో వేళ్లు మాడును. ఎండుటాకులతో గలిపి రెండు మూడు నెలలు మాగనీయవలెను. మేకను మాత్రము తోటలోనికి రానీయకుడు. అది చిగురును ద్రుంచి, చెట్టు బెరడును గూడ గీకివేయును.

కృష్ణానగరమువంటి ఇరుకు పేటలలో, సినిమా పనులకై పల్లెలు విడిచి వచ్చినవారికి పెరడేది? మేడమీది కుండీలే తోట. అచ్చట కోళ్లను బెంచి ఇరుగుపొరుగువారిని బాధింపరాదు. ఊరికి బోయినప్పుడు మాగిన మేకపెంటికలు ఒక సంచెడు తెచ్చుకొని, రెండుపాళ్ల మట్టికి ఒకపాలు కలిపినను ఆ జీవముల మేలు కుండీకి అందును.

ఉపాధ్యాయుని యిల్లాలి నగుటచే ఒక మాట చెప్పి ముగించెదను. కలుపు దినములలో తల్లికి సాయమునకై బడి మాన్పింపబడునది మొదట ఆడపిల్లయే. కోడిని, బాతును వేళకు విడిచి వేళకు మరల్చుటచే తల్లికి గంట పని తగ్గినను, ఆ గంటను బిడ్డ చదువునకు విడువుడు. గ్రుడ్లమ్మిన డబ్బు కంటె అది గొప్ప లాభము.