పది నిమిషాల స్నానానికి ఎంత గాలి?

కోలారు జిల్లా గౌనిపల్లి చుట్టుపక్కల పాత ఇళ్లలో నీళ్లు రాగి అండాలో కాగేవి. కట్టెల పొగ కళ్లు మండించేది, దాంతో ఎవరూ చెప్పకుండానే తలుపు తీసేవాళ్లు. ఇప్పుడా చోట బిగిస్తున్న గ్యాస్ గీజరుకు పొగ కనిపించదు. సిలిండరు లీకైతే తెలియాలని గ్యాసుకు కలిపే ఘాటు వాసన కూడా మంటలో కాలిపోతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే, నష్టాలు కలుపుకొని, బర్నరుకు సుమారు 12 కిలోవాట్ల శక్తి కావాలి. అంటే నిమిషానికి 16 గ్రాముల గ్యాసు, పది నిమిషాలకు 160 గ్రాములు. కిలో గ్యాసు పూర్తిగా కాలడానికి దాదాపు పదిహేనున్నర కిలోల గాలి కావాలి. కోలారు సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉంది కాబట్టి గాలి కాస్త పలచన. అందుకే ఆ పది నిమిషాలకు 2.3 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూములో మొత్తం గాలి 6.8 ఘనపు మీటర్లే! చలికి వెంటిలేటరుకు అట్ట అడ్డం పెడితే, ఒక్క స్నానానికే మూడో వంతు గాలి ఖర్చు.

ప్రాణవాయువు తగ్గినకొద్దీ మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పది లక్షల భాగాల గాలిలో 1,600 భాగాలుంటే ఇరవై నిమిషాల్లో తలనొప్పి, వికారం మొదలవుతాయి. రెండు గంటల్లోపే ప్రాణం పోవచ్చు.

కాబట్టి గీజరు బాత్రూము బయట ఉండాలి. బయట పెట్టామని నిశ్చింతగా ఉండలేం, పొగ గొట్టం నోరు ఎక్కడుందో చూడాలి. వేడి పొగ పైకి లేస్తుంది కనుక కిటికీ కింద నోరు పెడితే పొగంతా లోపలికే వస్తుంది. బ్రిటన్ ప్రమాణాలు దీన్ని మిల్లీమీటర్లలో రాసిపెట్టాయి. గది గాలితో సంబంధం లేకుండా, ఫ్యానుతో పొగను బయటికి నెట్టే బాయిలరైతే కిటికీకి 300 మిల్లీమీటర్లు, అంటే ఒక అడుగు దూరం చాలు. ఫ్యాను లేని రకానికి చాలాసార్లు ఆ అడుగు చాలదు. మన గీజరంత శక్తి ఉన్నదాని గొట్టం కిటికీ కింద ఉంటే 600, 14 కిలోవాట్లు దాటితే 1,500, 32 దాటితే 2,000 మిల్లీమీటర్లు వదలాలి.

ఇక్కడ దొరికే చాలా చిన్న గీజర్లకు అసలు గొట్టమే ఉండదు. అలాంటివాటికి ఆ అంకెలు కనీస దూరమని కూడా నేననుకోను. వెంటిలేటరు లేని గోడను వెతుక్కోవడం మేలు, అది పక్కింటివాళ్ల కిటికీకి ఎదురుగా లేకపోతేనే సుమా. లీకైన గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి నేలబారున పాకుతుంది. అందుకే సిలిండరు దగ్గర గాలిరంధ్రం కిందుండాలి, పొగ పోయేది పైనుండాలి. ఒకటుంది కదా అని రెండోది మానేయకూడదు.